వనిత తాలూకు

మూడో అంతస్తు, ఆడవాళ్ల వార్డు,
కరీంనగర్. సోమవారం.

ప్రియమైన మమతకు,

ఈ చేతిరాత గుర్తుపట్టావా? లెక్కల పంతులు బోర్డు వైపు తిరగ్గానే నీ ఒళ్లోకి చీటీలు విసిరిన చెయ్యి ఇది. చొప్పదండి బడిలో నీ పక్కన కూర్చున్న సరోజనను. నువ్వు కింద ల్యాబులో ఉన్నావు, నేను నీ నెత్తి మీద మూడో అంతస్తులో ఉన్నాను. ఇన్నేళ్లకు ఒకే కప్పు కిందికి చేరాం, అదీ ఇలాంటి చోటికి.

నువ్వు ఇక్కడున్నట్టు రిపోర్టు కింద సంతకం చూస్తే తెలిసింది. ఇంగ్లీషు 'ఎం'కు తోక తగిలించే అలవాటు నీకింకా పోలేదు. నీ పేరు చదవగానే, డాక్టర్ల గుంపులో నాకూ ఒక మనిషి ఉందని ప్రాణం లేచి వచ్చింది.

ఆ రిపోర్టు మా ఆడబిడ్డ వనితది. చిగుళ్ల నుంచి నెత్తురు కారుతుంటే మా ఊరు ఇచ్చోడలో పంటి డాక్టరుకు చూపించాం. పుక్కిలించడానికి మందిచ్చాడు. తర్వాత ఒంటి మీద ఎక్కడ తగిలితే అక్కడ నీలం మచ్చలు లేచాయి. ఆదిలాబాద్‌లో రక్తం చూసినాయన మా మొహాలు చూడకుండానే పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు. నాకు తెలిసిన ఊరని ఇక్కడికి తెచ్చాం. నేను తోడుగా ఉన్నాను.

ఇక్కడ ఒక పద్ధతి ఉంది, నీకు తెలుసో లేదో. డాక్టరు వార్డంతా తిరిగి, తలుపు బయటికి పోయి నిలబడతాడు. సిస్టరు కేకేస్తుంది: "వనిత తాలూకు ఎవలు?" మా ఆయన రామచంద్రం చెప్పులు వేసుకుని పోతాడు. వచ్చేటప్పుడు మొహం తుడుచుకుని వస్తాడు. "ఏం లేదు, జర రక్తం తక్కువున్నదట. ఫికర్ జెయ్యకు," అంటాడు. వనితకూ అదే ముక్క, నాకూ అదే ముక్క. మంచం కాళ్ల దగ్గర వేలాడే ఫైలును లోకమంతా చదవొచ్చు, ఆ మంచం మీద పడుకున్న మనిషి తప్ప.

నేను చదివాను. 'అక్యూట్ ల్యుకేమియా, రకం తేలవలసి ఉంది' అని రాశావు. మొదటి మాటకు అర్థం ఫోన్లో చూశాను, చూడకుండా ఉంటే బాగుండేది. రెండో మాటకు అర్థం నువ్వు చెప్పాలి. రకం ఏమిటే? చీరలా ఇది?

నువ్వు పైకి మాత్రం రావద్దు. నిద్ర లేక దయ్యంలా ఉన్నాను. పైగా నువ్వు నా స్నేహితురాలివని తెలిస్తే మా ఆయన నీ కాళ్ల మీద పడతాడు. ఫోన్ చేద్దామంటే వార్డు చెవులన్నీ నా మంచం చుట్టే ఉంటాయి. ఆయా దేవవ్వ ఎలాగూ రక్తం సీసాలు మీ దగ్గరికి తెస్తుంది. ఆమె చేతికే ఇస్తున్నాను.

నీ,
సరోజన

*

ల్యాబు. సోమవారం సాయంత్రం.

నా సరోజనకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వెంటనే జవాబు రాయలేకపోయాను, ఏమీ అనుకోకు. మధ్యాహ్నం కొంచెం పని పడింది.

చీర కాదు గానీ, నీ ప్రశ్న సరైన ప్రశ్నే. నేను జీతం తీసుకునేది దానికి జవాబు చెప్పడానికే. ఓపిగ్గా విను.

రక్తం ఎముకల మూలుగలో పుడుతుంది. అక్కడ పిల్ల కణాలు ఉంటాయి. అవి ఎదిగి, పనికొచ్చే కణాలై, రక్తంలోకి వస్తాయి. ఈ జబ్బులో ఒక పిల్ల కణం ఎదగడం మానేసి, తనలాంటి వాటినే పుట్టిస్తూ పోతుంది. మూలుగంతా అవే నిండిపోతే మంచి కణాలకు చోటుండదు. నెత్తురు ఆపే కణాలు తగ్గిపోయి చిగుళ్లు కారతాయి. జబ్బు వేగంగా ముదురుతుంది కాబట్టి 'అక్యూట్' అంటాం.

ఆ ఎదగని కణం ఏ ఇంటి పిల్ల అన్నదే రకం. పెద్ద ఇళ్లు రెండు: లింఫాయిడ్, మైలాయిడ్. ఒక్కో ఇంట్లో మళ్లీ తెగలున్నాయి. మందులు వేరు, గండాలు వేరు, బతికే అవకాశాలు వేరు. పైకి చూస్తే అందరు రోగులూ ఒకేలా పాలిపోయి ఉంటారు. తేడా కణాల్లోనే ఉంటుంది. వనిత కణాలు మొదటి చూపులో ఎటూ చెప్పనివ్వడం లేదు. అందుకే అలా రాశాను. తెలియనిది తెలిసినట్టు రాయను.

పైకి రావద్దన్నావు. నీ మాట కాదనను. కానీ నీకు ఏం తెలుసుకోవాలని ఉన్నా నన్నే అడుగు. ఫోన్లో వెతకవద్దు. అందులో చచ్చినవాళ్ల కథలు ముందు వస్తాయి, బతికినవాళ్లు రాయడానికి తీరిక లేక పనుల్లో ఉంటారు.

వనితను మెత్తటి బ్రష్షు కూడా ముట్టనివ్వకు. నీళ్లతో పుక్కిలిస్తే చాలు. కాలు జారి పడకుండా చూడు. నువ్వు వేళకు తిను.

ఎప్పటికీ నీ,
మమత

*

మంగళవారం.

డాక్టరమ్మ మమతకు,

పాఠం బాగా చెప్పావు. మన సైన్సు టీచరు ఇలా చెప్పి ఉంటే నేనూ నీ పక్కన తెల్లకోటు వేసుకుని కూర్చునేదాన్ని. అయినా మగ్గాలకు కండెలు చుట్టే ఇంట్లో పుట్టి ఇంతవరకు చదివిందే గొప్ప అనేది మా అవ్వ.

ఇప్పుడు అసలు మాట. వంకర లేకుండా అడుగుతాను, నువ్వూ వంకర లేకుండా చెప్పు. రోగికైతే తియ్యగా చెబుతారు, తాలూకు వాళ్లకు ఉన్నది చెబుతారు. నేను తాలూకును. ఏ రకమైతే మనిషి దక్కుతుంది, ఏ రకమైతే దక్కదు?

ఎందుకంటే వనిత ఒక నిర్ణయం చేసుకుంది. దక్కని రకమైతే ఇక్కడ ఒక్క రోజు ఉండదట. ఇచ్చోడకు పోతుందట. బిడ్డ నవ్యశ్రీ పదో తరగతి. జడ ఇంకా సొంతంగా వేసుకోదు, వంకర పాపిడి తీస్తుంది. ఉన్న రోజులు ఆ పిల్ల తల దువ్వుతూ గడుపుతాను గానీ, సూదులు పొడిపించుకుంటూ ఈ గోడలు చూడనంటుంది. మా ఆడబిడ్డ మొండిది, అనుకుంటే అంతే. నాకూ ఆమె మాటే సబబు అనిపిస్తోంది. నిన్న బ్యాగు సర్దింది కూడా. చీరలు మడతపెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టింది.

మా ఆయన చూసి, "గిప్పుడెందుకు సదురుతున్నవ్?" అన్నాడు. వనిత ఇంకో చీర మడతపెట్టింది. ఆయన బయటికి పోయి చాలాసేపు రాలేదు.

దేవవ్వకు మన మీద అనుమానం వచ్చింది. "గింతగనం ఏం రాసుకుంటరమ్మ? మెట్లు దిగితే మాట్లాడుకుంటరు గద!" అంటోంది. రక్తం సీసాతో పాటు చీటీ కూడా పరీక్షకే అని చెప్పాను.

జవాబు తొందరగా పంపు.

నీ,
సరోజన

*

బుధవారం.

సరోజనకు ప్రేమతో,

బ్యాగు విప్పించు. ముందు ఆ పని చేసి, తర్వాత మిగతాది చదువు.

నిన్న రక్తపు చుక్క పూసిన గాజుముక్క మీద, అదే స్లైడు మీద, ఒక మందు వేసి చూశాం. మైలాయిడ్ ఇంటి కణాలైతే లోపల గోధుమ రంగు పడుతుంది, లింఫాయిడ్ అయితే పడదు. వనిత కణాలు కాలిన బెల్లంలా ముదురుగా తిరిగాయి. కాబట్టి మైలాయిడే, అది ఖాయం.

మైలాయిడ్‌లో ఏ తెగ అన్నది మిగిలింది. వంకర లేకుండా చెప్పమన్నావు. ఈ తెగల్లో కొన్ని చెడ్డవి. మందులన్నీ ఇచ్చినా, ఇంకొకరి మూలుగ ఎక్కించినా చేతికి చిక్కనివి ఉన్నాయి. వాటిలో ఒకటి వనిత కణాలను పోలి ఉంది. ఈ మాట రాయడానికి నాకు చెయ్యి రాలేదు, కానీ అడిగావు కాబట్టి రాశాను.

ఇంకో తెగ ఉంది. పాత పద్ధతిలో ఎం త్రీ అనేవాళ్లం. నెత్తురు గడ్డకట్టకుండా చేసి, సరిగ్గా ఇలాగే చిగుళ్లు, మచ్చలతో బయటపడుతుంది. పట్టుకోకపోతే రోజుల్లో చంపేస్తుంది. పట్టుకుంటే మాత్రం, ఈ జబ్బులన్నిటిలో బాగయ్యే అవకాశం దానికే ఎక్కువ. ఆ తెగ కణాల నిండా మామూలుగా రవ్వ చల్లినట్టు గింజలు కనిపిస్తాయి. వనిత కణాల్లో గింజలు కనబడటం లేదు. కానీ ఆ తెగలోనే గింజలు కంటికి ఆనని ఒక దొంగ రకం ఉంది. దాని కేంద్రకం నడుమ నొక్కుకుపోయి రెండు రెక్కలుగా ఉంటుంది. వనితవి అలాగే ఉన్నాయి. చెడ్డ తెగలోనూ కేంద్రకాలు మడతలు పడతాయి. అదీ నా తంటా.

రేపు మూలుగ తీస్తారు. నడుము కింద, వెనక వైపు ఎముకలో సూది దింపుతారు. మొద్దుబారడానికి మందిస్తారు గానీ, మూలుగ లాగేటప్పుడు ప్రాణం గుంజినట్టు ఉంటుంది. కాసేపే. నొప్పి ఉండదని ఎవరైనా చెబితే నమ్మవద్దని వనితకు చెప్పు. నొప్పి ఉంటుంది, ఆగుతుంది.

ఆ స్లైడు నా చేతికి వచ్చేదాకా ఆమెను ఊరికి పోనివ్వకు. నా మీద ఒట్టు.

నీ,
మమత

*

గురువారం.

మమతా,

ప్రియమైన గియమైన తర్వాత. నీ డాక్టర్ల చేతులు పడిపోను. వనిత అరిచిన అరుపుకు కింద క్యాంటీన్లో టీ పోసేవాడు కూడా ఆగి ఉంటాడు. అయినా నువ్వు ముందే చెప్పడం మేలైంది. సిస్టరు, "ఏం నొయ్యదక్కా, చీమ కుట్టినట్టుంటది," అన్నప్పుడు వనిత లోపల నవ్వుకుందట. నాకు నిజం చెప్పిన మనిషి ఒకతి ఉంది కదా అనుకుని పళ్లు బిగబట్టిందట. అంటే, నేను చెప్పాను కదా ఆమెకు, నీ మాటగా.

బ్యాగు విప్పలేదు. మంచం కిందికి తోశాం. అంతకంటే లొంగదు.

ఈరోజు రామచంద్రం బయటి నుంచి వచ్చి ఏమీ చెప్పలేదు. 'రక్తం తక్కువ' అని కూడా అనలేదు. బత్తాయి తొక్క తీస్తూ కూర్చున్నాడు. తొనలకున్న తెల్లటి పీచు అంతా ఓపిగ్గా ఒలిచి, ఒక్కొక్కటి నోట్లో పెట్టాడు, పసిపిల్లకు పెట్టినట్టు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మనిషి చేతితో ఒక పండు ఒలవడం నేను చూడలేదు. భయమేసింది మమతా. డాక్టరు ఏం చెప్పి ఉంటాడో ఆ తొనల్లో కనిపించింది.

నాకు ఏడవాలని ఉంది. ఇక్కడ ఏడిస్తే పక్క మంచాలవాళ్లు అందరూ లేచి వస్తారు. అందుకే నీకు రాస్తున్నాను. మూలుగలో ఏముందో చూశావా? ఆలస్యమైతే చెడ్డదనే అనుకుంటాను.

సరోజన

*

గురువారం. చీకటి పడకముందే.

బంగారు సరోజనకు,

ఎం త్రీ. దొంగ రకం.

ఇంకోసారి రాస్తాను, నాకు రాయాలని ఉంది: ఎం త్రీ. ఇప్పటి పుస్తకాల్లో ఏపీఎల్ అంటారు. ఏ పేరైనా పరవాలేదు. మూలుగ స్లైడును ఈ చివర నుంచి ఆ చివరకు జరుపుతూ పోయాను. గింజలు లేవు, రెక్కలే ఉన్నాయి, మళ్లీ రెక్కలే. ఒక మూల ఒక కణం దొరికింది, దాని నిండా సన్నటి ఎర్రటి పుల్లలు. అడవి నుంచి తెచ్చే కట్టెల మోపులా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అలాంటి మోపులు ఈ తెగలోనే కనిపిస్తాయి. తర్వాత ఇంకో రెండు దొరికాయి. మా పెద్దాయన లక్ష్మీరాజం సార్ కూడా చూశారు. కణాల పైపొర గుర్తులు చదివే యంత్రమూ అదే చెప్పింది. నెత్తురు గడ్డకట్టే పరీక్ష కూడా ఈ తెగకు తగ్గట్టే చెడి ఉంది.

ఈ తెగలో పదిహేనో క్రోమోజోము ముక్క ఒకటి పోయి పదిహేడో దానికి అతుక్కుంటుంది. ఆ అతుకు ఉందని తేల్చే పరీక్షకు హైదరాబాదు పంపాం. ఆ జవాబు వచ్చాకే నూటికి నూరు పాళ్లు ఖాయమంటాను. కానీ అంతవరకు ఆగకూడదు. మీ డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాను, ఈ రాత్రి నుంచే మాత్ర మొదలుపెడతారు. ఆ మాత్ర కణాలను చంపదు. ఎదగడం మానేసిన వాటిని ఎదిగేలా చేస్తుంది. దానికి తోడు పాషాణం కూడా ఎక్కిస్తారు. అవును, పాషాణమే, ఆర్సెనిక్; కొలత తప్పకుండా ఇస్తే అదీ మందే. పేరు విని కంగారు పడవద్దు.

ఇప్పుడు తాలూకు మనిషికి చెప్పవలసింది. గండం ఈ మొదటి రోజుల్లోనే ఉంది. నెత్తురు లోపల, తలలో కారవచ్చు. కణాలు ఒక్కసారిగా ఎదిగి ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం తేవచ్చు. తలనొప్పి, జ్వరం, కాళ్ల వాపు, ఎగశ్వాస, ఏది వచ్చినా 'కొంచెమే కదా' అని ఓర్చుకోకూడదు, వెంటనే సిస్టరును పిలవాలి. మొహమాటం వద్దు. ఈ రోజులు దాటినవాళ్లలో ఎక్కువమంది పూర్తిగా బాగవుతారు. దాటనివాళ్లూ ఉన్నారు. రెండూ నిజమే.

ఉండమని చెప్పు వనితను. నేను బతిమాలుకుంటున్నానని చెప్పు.

నీ,
మమత

*

మరుసటి బుధవారం.

ప్రియమైన సరోజనా,

నా ముందు ఉత్తరానికి నువ్వు ఒక్క ముక్కే పంపావు: 'బ్యాగు విప్పాను.' దాన్ని పర్సులో పెట్టుకుని తిరుగుతున్నాను. తర్వాత నీ దగ్గర నుంచి ఏమీ లేదు.

ఈ ఉదయం నేను పంపిన చీటీ దేవవ్వ వెనక్కి తెచ్చింది. "ఆ మంచం ఖాళీగున్నదమ్మ. రాత్రి ఆయాసమొస్తే ఐసీయూకు తీస్కపోయిన్రట," అంది. అని, నా మొహం చూసి, "నువ్వు కూసో ముందు," అని కుర్చీ జరిపింది.

వనిత ఐసీయూలో ఉంటే నువ్వు ఆ తలుపు బయట బల్ల మీద ఉంటావు. అందుకని అక్కడి డాక్టరుతో మాట్లాడి రాస్తున్నాను. ఇది నేను చెప్పిన ఆయాసమే. కణాలు ఎదుగుతున్నాయి, అంటే మందు పనిచేస్తోంది. ఆయాసం ఆగడానికి స్టెరాయిడ్ మొదలుపెట్టారు. వేళకు పట్టుకున్నారు. రాత్రి ఓర్చుకోకుండా సిస్టరును పిలిచినందుకే వేళకు పట్టుకున్నారు. పిలిచినవాళ్లకు నేను దండం పెడతాను.

హైదరాబాదు జవాబు కూడా వచ్చింది. అతుకు ఉంది. ఎం త్రీ ఖాయం.

తాలూకు మనిషికి తిండి ఎవరూ పెట్టరు, ఎలా ఉన్నావని ఎవరూ అడగరు. నేను అడుగుతున్నాను. నువ్వు ఎలా ఉన్నావు? ఊపిరి ఆడుతోందా నీకు? ఒక్క అక్షరం రాసినా చాలు. గీత గీసినా చాలు. సంతకంలా గుర్తుపడతాను.

నీ కోసం కాచుకున్న,
మమత

*

ఆదివారం.

మమతా,

గీత కాదు, అక్షరాలే. వంకరగా ఉంటే ఏమనుకోకు, ఈ సిరా పెన్ను బాగా లేదు.

వనిత వార్డుకు వచ్చింది. ముక్కులో గొట్టం ఉంది గానీ మనిషి తేటపడింది. నీళ్లలో మునిగినట్టు ఉండేదట, అరవబోతే గొంతు రాలేదట. మంచం పట్టీని గ్లాసుతో కొట్టిందట. సిస్టరు తిట్టుకుంటూ వచ్చి, చూసి, పరుగెత్తిందట. నువ్వు ఓర్చుకోవద్దని రాసి ఉండకపోతే తెల్లారేదాకా ఓర్చుకునేదట. మా ఇళ్లలో ఆడవాళ్లకు ఓర్చుకోవడం ఒక్కటే నేర్పుతారు కదా.

చిగుళ్లు ఆరాయి. ఇవాళ పెరుగన్నం తిన్నది.

నన్నెవరూ అడగని మాట అడిగావు. ఊపిరి ఆడుతోంది.

నీ,
సరోజన

*

మరుసటి నెల. శుక్రవారం.

నా మమతకు,

నిన్న రెండోసారి తీసిన మూలుగ శుభ్రంగా ఉందని డాక్టరు చెప్పాడు. ఈసారి తలుపు బయట కాదు, మంచం పక్కనే నిలబడి చెప్పాడు. అలా చెప్పేలా నేను చేశాను. ఎలాగో చెప్పాలంటే ఇంకో సంగతి చెప్పాలి. నవ్వినా తిట్టినా నీ ఇష్టం.

మమతా, మా ఇంట్లో నీకు చెప్పిన ఆడబిడ్డ లేదు. మా ఆయనకు చెల్లెళ్లే లేరు. వనితను నేనే.

మా అత్త పేరు కూడా సరోజనే. అత్త పేరుతో కోడలిని పిలిచి తిట్టడం ఎలా కుదురుతుంది? పెళ్లినాడే నాకు వనిత అని పేరు మార్చారు. ఆధార్ కార్డులోనూ అదే ఎక్కింది. నువ్వప్పుడు డాక్టరు పరీక్షలు రాస్తున్నావు, పెళ్లికి రాలేదు. నీకు తెలిసే దారి లేదు. నీ సంతకం చూసిన రోజు నాకు ఆలోచన వచ్చింది. నేను వనితనని చెబితే నువ్వూ అందరిలాగే కళ్లు తుడుచుకుని వచ్చి, రక్తం తక్కువంటావు. నా తాలూకు మనిషిని నేనే అయిపోతే ఉన్నది తెలుస్తుంది. తెలిసింది. నాది మంచి తెగో చెడ్డ తెగో, గండం ఎక్కడుందో, ఏది వస్తే పిలవాలో, అన్నీ. ఆ రాత్రి గ్లాసు పట్టుకుని కొట్టింది అందుకే.

నిన్న రామచంద్రానికి చెప్పాను. "నాది బ్లడ్ క్యాన్సరే గదా?" అన్నాను. ఆయన చేతిలో డబ్బా మూత కింద పడింది.

"ఎవలు చెప్పిన్రు నీకు?"

"ఎవలో చెప్పిన్రు తియ్యి. ఎం త్రీ అట, మంచి రకమట. నువ్వు ఎందుకు చెప్పలే?"

"నీకు తెలిస్తె నువ్వు ఉండవనుకున్న," అన్నాడు. "నువ్వెందుకు చెప్పలే తెలిసిందని?"

"నాకు తెలిసిందంటె నువ్వుండవనుకున్న," అన్నాను. ఆయన మంచం మీద తల పెట్టి ఏడ్చాడు. ఏడవనిచ్చాను. పాపం, ఒక్కడే ఎన్నాళ్లు మోశాడో. ఆ తర్వాత డాక్టరు వస్తే, ఏదైనా ఇక్కడే నిలబడి నాకే చెప్పమన్నాను.

నిన్ను మోసం చేసినందుకు కోపం వస్తే రానీ. కానీ నా మీద ఒట్టేసి చెబుతున్నాను, నువ్వు రాసిన నిజాలు పట్టుకునే నేను మంచం మీద ఉన్నాను.

నీ,
సరోజన, అనగా వనిత

*

ల్యాబు. శుక్రవారం.

సరోజనా,

నాకు మొదటి రోజే తెలుసు.

నీ మొదటి ఉత్తరం చదవగానే చేతిలో ఉన్న పని వదిలేసి మూడో అంతస్తుకు పరుగెత్తాను. రావద్దన్న మాట నాకెక్కడ వినిపిస్తుంది? తలుపు అద్దంలోంచి చూస్తే వనిత అని పేరున్న మంచం మీద నువ్వున్నావు. ఒళ్లో పుస్తకం పెట్టుకుని, నా జవాబు రాకముందే కాగితం మీద ఇంకేదో కొట్టేసి మళ్లీ రాస్తున్నావు. చేతుల నిండా నీలం మచ్చలు. తలుపు తోయబోయి ఆగిపోయాను. ఆ స్లైడు పొద్దున నేను చూసిందే. అందులో ఏముందో తెలిసి, నీ ముందు నిలబడి, నవ్వుతూ ఎలా ఉన్నావని అడగగలిగేదాన్ని కాను. నువ్వు పట్టేసేదానివి. తర్వాత నన్ను ఇంకేమీ అడిగేదానివి కాదు.

మెట్ల మీద కూర్చుని ఆలోచించాను. నువ్వు వనితవని నాకు తెలుసని నీకు తెలిస్తే నువ్వు ఆ ప్రశ్నలు అడగలేవు, నేను ఆ జవాబులు రాయలేను. అందుకని నీకు ఆడబిడ్డ ఉందని నేనూ ఒప్పుకున్నాను. చెడ్డ తెగలు ఉన్నాయని రాసిన రోజు ఆ కాగితం నాలుగుసార్లు చించాను. రోగికి అలా రాసే డాక్టరు ఉండరు. కానీ అడిగింది నువ్వు, నీకు అబద్ధం చెప్పడం నాకు బడిలోనే చేతకాలేదు.

ఇంకొకటి నీకు తెలియదు. మూలుగ స్లైడు వచ్చిన రోజు ఆ కట్టెల మోపు కణం దొరకగానే నాకు సంతోషం కలగలేదు, భయం కలిగింది. అది నాకు ఎంతగానో కావాలి. ఎం త్రీ అయితేనే నువ్వు ఉంటావు. అంతగా కోరుకునే కళ్లు లేనిది కూడా చూస్తాయి సరోజనా. గీతను పుల్ల అనుకుంటాయి, మరకను మోపు అనుకుంటాయి. ఇన్నేళ్ల పనిలో మొదటిసారి నా కళ్ల మీద నాకు నమ్మకం పోయింది. స్లైడు తీసుకెళ్లి లక్ష్మీరాజం సార్ ముందు పెట్టాను. ఎవరిదో చెప్పలేదు, నేనేమనుకుంటున్నానో చెప్పలేదు. ఆయన నెమ్మదిగా జరుపుతూ చూస్తుంటే నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఆయన కళ్లు పైకెత్తకుండానే, "గిది ఎం త్రీ గదమ్మా. మందు మొదలువెట్టిన్రా లేదా?" అన్నారు. నేను బాత్రూములోకి పోయి నల్లా విప్పి ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని నీకు రాశాను.

నీ మూలుగ శుభ్రంగా ఉన్న మాట నిజమే. నిన్న చూసింది నేనే, మళ్లీ సార్ చేత చూపించాను. అయితే పని అయిపోలేదు. ఇంకా నెలల తరబడి మందులున్నాయి. మధ్యమధ్య ఆ అతుకు పూర్తిగా పోయిందో లేదో చూస్తూ ఉండాలి. ఇక తాలూకు మనిషి అక్కరలేదు, ఇవన్నీ నీకే చెబుతాను.

ఈ ఉత్తరం దేవవ్వ చేతికి ఇవ్వడం లేదు. నేనే తెస్తున్నాను. మూతికి గుడ్డ కట్టుకుని, చేతులు కడుక్కుని వస్తాను. నువ్వు ఇది చదువుతున్నంతసేపు నీ మంచం పక్కనే నిలబడి ఉంటాను. ఇన్నాళ్లూ నిన్ను గాజుముక్క మీదే చూశాను. నాకు మనిషిని చూడాలని ఉంది. చదవడం అయితే తల ఎత్తు.

నీ,
మమత